ఈ మందు ఎన్నాళ్ళు వాడాలి?

ఆగస్టు చివరి సోమవారం

స్కూళ్ళు తెరిచాక టెక్సాస్‌లో ఫార్మసీ కౌంటర్ వెనక ఎలా ఉంటుందో, పనిచేసేవాళ్ళకే తెలుసు. వేసవి సెలవుల్లో ఆపిన ఏడీహెచ్‌డీ (కుదురుగా ఉండలేకపోవడం, దేనిమీదా దృష్టి నిలవకపోవడం) మందులన్నీ ఒక్కసారిగా మళ్ళీ మొదలవుతాయి. పొద్దున్నే లైను. తాళం వేసిన అల్మారాలోంచి ఆ మందుల్లో ఒకటైన మిథైల్‌ఫెనిడేట్ సీసా తీయడం, ట్రేలో పోసి ఐదేసి చొప్పున లెక్కపెట్టడం, మళ్ళీ ఇంకోసారి లెక్కపెట్టడం, మిగిలినవి ఎన్నో రాసుకోవడం. మధ్యాహ్నం దాకా ఇదే పని. ఇది షెడ్యూల్ టూ మందు, అంటే అలవాటుపడే, దుర్వినియోగమయ్యే ప్రమాదం ఉందని ప్రభుత్వం గట్టిగా అదుపు చేసే రకం. రీఫిల్ ఉండదు, ప్రతిసారీ డాక్టర్ దగ్గర్నుంచి కొత్త ప్రిస్క్రిప్షన్ రావాలి. ఒక్క మాత్ర తేడా వచ్చినా మేం సంజాయిషీ చెప్పుకోవాలి.

మాత్రలకి ఇంత కాపలా ఉంది. ఈ పిల్లాడికి ఇది ఇంకా అవసరమేనా అని అడిగే బాధ్యత మాత్రం ఎవరి మీదా లేదు. ఈ మాట చాలాకాలంగా మనసులో నలుగుతోంది. ఇవాళ ఒక పెద్దావిడ అదే అడిగేసరికి రాసి పెట్టుకోవాలనిపించింది. ఆ కుటుంబాన్ని గుర్తుపట్టే వివరాలన్నీ మార్చేశాను.

కోడలు, అత్తగారు కలిసి వచ్చారు. మందు ఇచ్చే ముందు పుట్టిన తేదీ అడగడం మాకు రూలు. ఆగస్టు 20 అంది తల్లి. అంటే బాబుకి పోయిన వారమే ఏడు నిండాయి, చదివేది రెండో తరగతి. సంచిలో మూడు సీసాలు. పొద్దున మిథైల్‌ఫెనిడేట్ క్యాప్సూల్. మింగలేడని తెరిచి, లోపలి గింజల్ని ఆపిల్ సాస్ మీద చల్లి తినిపిస్తారట. రాత్రి నిద్రకి క్లోనిడిన్, అసలు ఇది బీపీ మందు. ఈ నెల కొత్తగా చేరింది రిస్పెరిడోన్, తీవ్రమైన మానసిక జబ్బులకి వాడే మందు.

పెద్దావిడ తెనాలి నుంచి వచ్చారు. నా పేరు చూసి, "తెలుగమ్మాయివేనా తల్లీ?" అని దగ్గరకొచ్చారు. "వీటిని ఎన్నాళ్ళు వాడాలమ్మా? డాక్టరుగారు ఏమైనా చెప్పారా అంటే కోడలు చెప్పలేదంటోంది."

"నాకూ తెలియదు పిన్నిగారూ. ప్రిస్క్రిప్షన్‌లో అది రాయరు," అన్నాను.

నిజంగానే రాయరు. యాంటీబయాటిక్‌కి పది రోజులని ఉంటుంది. వీటికి ఎప్పుడు ఆపి చూడాలో ఉండదు.

తల్లి పక్కకి వచ్చి మెల్లగా చెప్పుకొచ్చింది. మొదటి క్యాప్సూల్ మొదలుపెట్టాక క్లాసులో కుదురుగా కూర్చుంటున్నాడట. కానీ లంచ్ బాక్స్ ముట్టకుండా తిరిగొస్తోంది. రాత్రి పదకొండైనా కన్ను మూతపడదు. అందుకు క్లోనిడిన్ వచ్చింది. సాయంత్రం మందు దిగిపోయే వేళకి చిరాకు, ఏడుపు, చెల్లెల్ని కొట్టడం. అందుకు రిస్పెరిడోన్. ఇప్పుడు ఆకలి ఎక్కువై బరువు పెరగడం మొదలైతే దానికేం ఇస్తారో! మొదటి మందు మోతాదు తగ్గించి చూద్దామా, ఇంకో రకం ఇద్దామా అన్న మాట ఎక్కడా వచ్చినట్టు లేదు. ఒక్కో ఇబ్బందికి ఒక్కో సీసా వచ్చి చేరింది.

రిస్పెరిడోన్‌ని చిన్నపిల్లలకి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒప్పుకున్నది 2006లో, ఆటిజంలో వచ్చే తీవ్రమైన చిరాకుకి. ఈ బాబుకి ఆటిజం లేదు. వేరే కారణానికి రాసే అధికారం డాక్టర్‌కి చట్టప్రకారం ఉంది, అందులో తప్పుపట్టను. కానీ ఆ మందుని, ఇంకో రెండు మందుల్ని అనుమతి లేని వాడకాలకి, ఈ మందునైతే పిల్లలకి కూడా, ప్రచారం చేశారన్న ఆరోపణల మీద వాటి తయారీ కంపెనీ జాన్సన్ అండ్ జాన్సన్ 2013లో 220 కోట్ల డాలర్లకు పైగా కట్టి రాజీ చేసుకుంది. అంత జరిగిన మందు ఏడేళ్ళవాడి సంచిలో పడుతుంటే చెయ్యి ఒక క్షణం ఆగుతుంది.

నేను మందే వద్దనే మనిషిని కాదు. రోడ్డు మీదకి పరిగెత్తిపోయే పిల్లవాడు, పుస్తకం తెరిస్తే నాలుగు అక్షరాలు నిలవని పిల్లవాడు, ఈ క్యాప్సూల్‌తో మొదటిసారి కథంతా చదివాడని ఆనందంతో కళ్ళు తుడుచుకున్న తల్లుల్ని ఇదే కౌంటర్ దగ్గర చూశాను. ఆరేళ్ళు నిండనివాళ్ళకి ముందు మందు కాదు, తల్లిదండ్రులకి శిక్షణ అని అమెరికన్ పీడియాట్రిక్స్ అకాడమీ చెప్తుంది. ఆరు దాటితే మందుతోపాటు ప్రవర్తన మీద పని కూడా జరగాలంటుంది. కానీ థెరపిస్ట్ అపాయింట్‌మెంట్‌కి నెలల తరబడి ఆగాలి, మందు అదే సాయంత్రం దొరుకుతుంది. టీచర్ నుంచి "కూర్చోవడం లేదు" అని ఈమెయిల్ వచ్చినప్పటినుంచీ ఇంట్లో ఒకటే టెన్షన్. ఆ రాత్రి తల్లీ తండ్రీ ఏం చేస్తారు పాపం?

నన్ను మరీ పట్టుకున్నది ఆ పుట్టిన తేదీ. ఇక్కడ సెప్టెంబరు 1 నాటికి ఐదేళ్ళు నిండితేనే కిండర్‌గార్టెన్ (ఒకటో తరగతికి ముందు ఏడాది). ఆగస్టులో పుట్టినవాడు క్లాసులో అందరికన్నా చిన్న. సెప్టెంబరులో పుట్టినవాడు దాదాపు ఏడాది పెద్ద. ఐదారేళ్ళ వయసులో ఏడాదంటే మాటలా? 2018లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనంలో నాలుగు లక్షలకు పైగా పిల్లల ఇన్సూరెన్స్ రికార్డులు చూశారు. ఈ సెప్టెంబరు 1 గడువున్న రాష్ట్రాల్లో, ఆగస్టు పిల్లల్లో పదివేల మందికి 85 మందికి ఏడీహెచ్‌డీ అన్నారు; సెప్టెంబరు పిల్లల్లో 64 మందికి. ఆ గడువు లేని రాష్ట్రాల్లో ఈ తేడా కనపడలేదు. మెదడు జబ్బు ఏదైనా క్యాలెండర్ చూసి వస్తుందా? కొందరు పిల్లలకి మనం మందు వేస్తున్నది వాళ్ళ చిన్నతనానికి. ఇది తలుచుకుంటే నాకు కోపం వస్తుంది.

అడిగే మనిషి ఉంటే మారుతుందని కూడా ఈ రాష్ట్రమే చూపించింది. తల్లిదండ్రుల దగ్గర లేక ప్రభుత్వ సంరక్షణలో ఉన్న పిల్లలకి ఈ మందులు మరీ ఎక్కువగా రాసేవారు. టెక్సాస్‌తో కలిపి ఐదు రాష్ట్రాల్లో 2008 లెక్కలు తీస్తే, మెడికెయిడ్‌లోని (పేదలకిచ్చే ప్రభుత్వ వైద్య బీమా) మిగతా పిల్లలకన్నా 2.7 నుంచి 4.5 రెట్లు ఎక్కువని ఫెడరల్ ఆడిట్ సంస్థ జీఏఓ 2011లో తేల్చింది. అంతకుముందే 2005లో టెక్సాస్ సంరక్షణలో ఉన్న ఈ పిల్లలకోసం నియమాలు పెట్టింది: ఏ వయసుకి ఏ మందు, ఒకేసారి ఎన్ని దాటితే ఇంకో డాక్టర్ మళ్ళీ చూడాలి అని. ఆ తర్వాత వాడకం తగ్గింది. అమ్మానాన్నలున్న పిల్లలకి అలాంటి రెండో చూపు లేదు. అది అమ్మానాన్నలే అడిగి సాధించుకోవాలి.

అందుకే ఆ అమ్మాయికి కొన్ని మాటలు కాగితం మీద రాసిచ్చాను. మొదటి మందు మోతాదు తగ్గించవచ్చా, రకం మార్చవచ్చా అడుగు. ఎత్తు, బరువు పట్టిక చూపించమను. రిస్పెరిడోన్ మొదలుపెట్టే ముందు షుగర్, కొలెస్ట్రాల్ పరీక్ష చేయించమను. వాండర్‌బిల్ట్ ఫారం (ఏడీహెచ్‌డీ లక్షణాల ప్రశ్నల పట్టిక) ఈ ఏడాది టీచర్ చేత మళ్ళీ నింపించు, నిరుడు నింపింది వాడు ఇంకా చిన్నగా ఉన్నప్పుడు. ఏదైనా ఆపాలనుకుంటే డాక్టర్‌తో మాట్లాడే ఆపండి, క్లోనిడిన్ ఉన్నట్టుండి మానేస్తే బీపీ ఎగబాకుతుంది అని రెండుసార్లు చెప్పాను. ఆ మాట అత్తగారికీ విడిగా చెప్పాను, ఇంట్లో ఆవిడ మాటకి విలువుందని అర్థమైంది.

"మీ డాక్టర్‌కి నేనూ ఫోన్ చేస్తాను, కొత్త సీసా అందాకా ఇక్కడే ఉంచుతాను," అంటే సరేనంది. క్లినిక్‌లో నర్సు మెసేజ్ రాసుకుంది. రేపు మధ్యాహ్నంలోగా వాళ్ళు చేయకపోతే నేనే మళ్ళీ చేస్తాను.