కాలువ పడవలో మొదటిసారి సెలవులకు వెళ్తున్నారా? ముందు లాకుల లెక్క వేయండి

బ్రిటన్‌లో సెలవుల కోసం కాలువ పడవ అద్దెకు తీసుకోవాలంటే లైసెన్సు అక్కర్లేదు, అనుభవమూ అక్కర్లేదు. గంటసేపు నేర్పించి, పదిహేను టన్నులు తూగే ఉక్కు పడవను మీ చేతికిచ్చి పంపేస్తారు. అది నడపడం కష్టమేమీ కాదు. మొదటిసారి వెళ్లినవాళ్ల సెలవు చాలావరకు చెడేది మ్యాప్ దగ్గరే. ఆశపడి పెద్ద రూట్ పెట్టుకుంటారు, మూడో రోజు నుంచి గడియారం చూసుకుంటూ ఉరుకులు పరుగులు.

కాబట్టి ముందు లెక్క. చాలా కాలువల్లో వేగపరిమితి గంటకు 4 మైళ్లు. ఆ వేగం మీకు అందదు. గట్టుకు కట్టేసిన పడవల పక్కన, వంతెనల దగ్గర, మలుపుల్లో తగ్గించుకుంటూ పోతే గంటకు రెండున్నర మైళ్లు వస్తే గొప్ప. లాకు అంటే కాలువ మట్టం మారేచోట నీళ్లు నింపి, వదిలి పడవను ఎత్తే, దించే తలుపుల గది. ఒక్కో లాకుకు 15 నిమిషాలు వేసుకోండి, మొదటి రోజు 20. ఇప్పుడు అందరూ కళ్లు పెట్టుకునే ఫోర్ కౌంటీస్ రింగ్ (కాలువల మీద చుట్టు తిరిగి మొదలైన చోటికే వచ్చే రూట్) చూద్దాం: దాదాపు 110 మైళ్లు, 94 లాకులు. మైళ్లకు 44 గంటలు, లాకులకు 23 గంటలకు పైనే, మొత్తం సుమారు 67 గంటలు. వారానికి తీసుకున్నా మొదటి రోజు పడవ చేతికొచ్చేసరికి సాయంత్రమవుతుంది, చివరి రోజు పొద్దున్నే తిరిగి అప్పగించాలి. మిగిలినవి ఆరు పూర్తి రోజులు, అంటే రోజుకు 11 గంటలు. చేసేవాళ్లు చేస్తారు. దాన్ని సెలవు అని మాత్రం నేను అనను. రోజుకు ఐదారు గంటల ప్రయాణం చాలు. రింగ్ వద్దు, వెళ్లిన దారినే తిరిగొచ్చే రూట్ పెట్టుకోండి. ఆలస్యమైతే మధ్యలో ఎక్కడైనా వెనక్కి తిరగొచ్చు, రింగ్‌లో ఆ వీలుండదు.

తిరగడం కూడా అనుకున్నచోట కుదరదు. పడవ 60 అడుగులుంటుంది, కాలువ వెడల్పు అంతకన్నా తక్కువ. తిప్పుకోవడానికి గట్టును లోపలికి తవ్విన చోట్లుంటాయి, వాటిని వైండింగ్ హోల్ అంటారు. ఎంత పొడవు పడవ అక్కడ తిరుగుతుందో గైడ్ మ్యాప్‌లో చూసుకోవాలి.

మొదటిసారికి లాకులు తక్కువున్న కాలువే మేలు. యాష్‌బీ కాలువ సుమారు 22 మైళ్లు, దారిలో లాకులే లేవు. వేల్స్‌లోని మన్మత్‌షైర్ అండ్ బ్రెకన్ 35 మైళ్లు, 6 లాకులు. లాంగాలెన్ కాలువ రద్దీకి పేరుపడ్డది, ఆ పేరు ఊరికే రాలేదు. గ్రిండ్లీ బ్రూక్ దాటితే లాంగాలెన్ ఊరి దాకా న్యూ మార్టన్ దగ్గరి 2 లాకులే. దారిలో 1805లో కట్టిన పాంట్‌కిసిల్టే అక్విడక్ట్ (కాలువను మోసే వంతెన) మీదుగా, నదికి 38 మీటర్ల ఎత్తున, 307 మీటర్లు పడవలో వెళ్తారు. ఒకవైపు నడకదారి, రెయిలింగ్ ఉంటాయి. రెండోవైపు ఇనుప తొట్టి అంచు తప్ప అడ్డేమీ ఉండదు, పిల్లల్ని లోపల కూర్చోబెట్టండి. ఈ కాలువలో నీటి ప్రవాహం ఉంటుంది, లాంగాలెన్ వైపు ఎదురీదాలి కాబట్టి వెళ్లేటప్పుడు ఇంకాస్త ఎక్కువ సమయం పడుతుంది. అక్విడక్ట్ పక్కనున్న ట్రెవర్ ఊరు దాటాక కొన్నిచోట్ల రెండు పడవలు పట్టవు. ఎదురుగా ఎవరూ రావడం లేదని ఒకరు ముందు నడిచి వెళ్లి చూసి చెప్పాలి. ఇక డివైజెస్ దగ్గర కేన్ హిల్‌లో రెండు మైళ్లలో 29 లాకులు. అది చూడ్డానికి బాగుంటుంది, గట్టు మీద నిలబడి చూడండి.

పడవను వెనక నిలబడి టిల్లర్‌తో, అంటే చుక్కానిని తిప్పే పొడవాటి పిడితో, తిప్పాలి. టిల్లర్ ఎడమకు నెడితే పడవ ముక్కు కుడికి పోతుంది. ఇది పది నిమిషాల్లో అలవాటైపోతుంది. అలవాటు కానిది ఇంకొకటుంది: పడవ దాదాపు నడిమధ్యలో తిరుగుతుంది. ముక్కు కుడికి తిరిగితే వెనక భాగం ఎడమకు జరుగుతుంది. గట్టుకు ఆనుకుని ఉన్నప్పుడు ముక్కును బయటికి తిప్పాలని చూస్తే వెనక భాగం గట్టును గుద్దుకుంటుంది, పడవ ఎటూ కదలదు. బ్రేకులుండవు, రివర్స్ గేరే బ్రేకు. రివర్స్‌లోనూ న్యూట్రల్‌లోనూ చుక్కాని పనిచేయదు, కాబట్టి ముందే నెమ్మదించి, తిప్పడానికి కొద్దిగా ముందుకు ఇంజిన్ ఇస్తూ ఉండాలి.

కాలువ లోతు మధ్యలోనే ఉంటుంది. ఎదురుగా పడవ వస్తే కుడివైపు తప్పుకోవాలి. అయితే ఎదుటి పడవ దూరంగా కనబడగానే గట్టువైపు పరిగెత్తితే బురదలో కూరుకుపోతారు. అది రెండు మూడు పడవల పొడవు దూరంలోకి వచ్చేదాకా మధ్యలోనే ఉండండి, అప్పుడు కొద్దిగా కుడికి జరిగి దాటాక మళ్లీ మధ్యకు రండి. పడవ అడుగు తగిలి ఆగిపోతే ముందుకు ఇంజిన్ పెంచకండి, ఇంకా లోపలికి దిగబడుతుంది. నెమ్మదిగా రివర్స్ ఇచ్చి, పడవలో ఉన్నవాళ్లందరినీ లోతున్న వైపుకు జరగమంటే చాలాసార్లు వదులుతుంది. వెనక్కి చూస్తే అల గట్టు మీద విరుగుతోందంటే మీ వేగం ఎక్కువైనట్టే. లోతు తక్కువ ఉన్నచోట ఇంజిన్ పెంచితే వెనక భాగం కిందికి కుంగుతుందే తప్ప వేగం పెరగదు. ఒక మాట కచ్చితంగా చెప్పాలి: పడవ దేన్నైనా గుద్దబోతుంటే చెయ్యో కాలో అడ్డం పెట్టకండి. గుద్దుకుంటే రంగు పోతుంది, అడ్డం పెడితే ఎముక పోతుంది.

ఇక లాకులు. గోదావరి కాలువల మీద లాకులు చూసినవాళ్లకు సూత్రం తెలిసిందే. ఇక్కడ తేడా ఏమిటంటే తలుపులు తెరిచేదీ మీరే, నీళ్లు వదిలేదీ మీరే. నీళ్లు వదిలే చిన్న షట్టర్లను ప్యాడిల్ అంటారు. వాటిని తిప్పే ఎల్ ఆకారపు ఇనుప పిడి విండ్‌లాస్. ఇద్దరు గట్టు మీద, ఒకరు పడవలో ఉంటే సుఖం. పడవలో ఉన్న మనిషి సైగ చేసేదాకా ఏ ప్యాడిలూ ఎత్తకూడదు.

పైకి వెళ్లేటప్పుడు పడవ లోపలికి వచ్చాక కింది తలుపులు, కింది ప్యాడిళ్లు మూసి, పైన గట్టులో ఉన్న ప్యాడిళ్లను సగం ఎత్తండి. పడవ ఊగకుండా లేస్తుంటే మిగతా సగం. పై తలుపుల్లోనే ప్యాడిళ్లుంటే వాటి రంధ్రాలు నీళ్లలో మునిగేదాకా ముట్టుకోవద్దు. ముందే ఎత్తితే ఆ ధార నేరుగా పడవ ముందు భాగంలోకి దూకుతుంది, నిమిషాల్లో పడవ నిండుతుంది. కిందికి దిగేటప్పుడు ప్రమాదం వేరు. పై తలుపుల అడుగున సిల్ అనే రాతి అరుగు ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. లాకు నిండుగా ఉన్నప్పుడు అది కనబడదు, ఎక్కడిదాకా ఉందో గట్టు మీద తెల్ల గీత చెబుతుంది. పడవ వెనక భాగం, చుక్కానితో సహా, ఆ గీత దాటి కింది తలుపుల వైపు ఉండాలి. లేకపోతే నీళ్లు దిగుతుంటే వెనక భాగం అరుగు మీద చిక్కుకుని, ముందు భాగం కిందికి వాలి, చూస్తుండగానే మునిగిపోతుంది. మొత్తం ప్రయాణంలో ఇది ఒక్కటి తప్పు చేయకుండా ఉంటే చాలు, మిగతావన్నీ సర్దుకోవచ్చు. చిక్కుకుందని తెలియగానే కింది ప్యాడిళ్లు మూసేసి, తర్వాత పై ప్యాడిళ్లు నెమ్మదిగా ఎత్తి నీళ్లు నింపాలి. ఈ వరస ముందుగానే అందరికీ చెప్పి ఉంచండి, ఆ క్షణంలో ఆలోచించే టైమ్ ఉండదు. దిగేటప్పుడు తాడును గట్టు మీది గుంజకు ముడి వేయకూడదు. ఒక చుట్టు చుట్టి చేత్తో వదులుతూ ఉండాలి, లేదంటే పడవ తాడుకు వేలాడుతుంది.

విండ్‌లాస్‌ను ఇరుసు మీద వదిలేసి పక్కకు పోకండి. ఇరుసు వెనక్కి తిరగకుండా ఆపే పట్టీ జారితే అది గిర్రున తిరిగి ఎగిరిపడుతుంది, అడ్డంగా ఉన్నది ముంజెయ్యి అయినా దవడ అయినా విరుగుతుంది. ప్యాడిల్ దించేటప్పుడు కూడా తిప్పుతూ దించాలి, పట్టీ తీసి వదిలేయకూడదు. తలుపు కదలడం లేదంటే రెండువైపులా నీటిమట్టం ఇంకా సమానం కాలేదని అర్థం. బలం చూపించి లాభం లేదు. తలుపు దూలానికి నడుము ఆనించి ఉండండి, సమానం కాగానే దానంతట అదే కదులుతుంది. వెళ్లేటప్పుడు తలుపులు, ప్యాడిళ్లు అన్నీ మూసి వెళ్లాలి. ఒక ప్యాడిల్ మర్చిపోతే రాత్రికి రాత్రి లాకుకు పైనున్న కాలువ ఖాళీ అయి, అక్కడ ఆగిన పడవలు బురదలో కూర్చుంటాయి. బింగ్లీ, ఫాక్స్‌టన్ లాంటి మెట్ల లాకుల దగ్గర లాకు కీపర్లుంటారు, వాళ్లు చెప్పినట్టు చేయడమే.

రాత్రి మజిలీకి టోపాత్ (కాలువ పక్కన నడకదారి) ఉన్న గట్టువైపే ఆగండి. మలుపుల్లో, వంతెనల కింద, వైండింగ్ హోల్ దగ్గర, లాకు ముందు ఎక్కిదిగే చోట, నీళ్ల కుళాయి దగ్గర కట్టకూడదు. ముందు తాడు ముందుకూ వెనక తాడు వెనక్కూ ఏటవాలుగా లాగి కట్టాలి. ఏటవాలు లేకుండా గట్టుకు సూటిగా కడితే పక్కనుంచి ఏ పడవ వెళ్లినా మీది ముందుకూ వెనక్కూ ఊగి మేకును ఊడబెరుకుతుంది. గట్టుకు ఇనుప రేకుల అంచు ఉంటే మేకులకన్నా కొక్కేలే నమ్మకం. గట్టుకు చేరేటప్పుడు తాడు పట్టుకుని దిగాలి, దూకకూడదు. చీకటి పడ్డాక అద్దె పడవ నడపకూడదు. రాత్రి 8 నుంచి పొద్దున 8 దాకా ఆగి ఉన్నచోట ఇంజిన్ వేయకూడదు, పక్క పడవల్లో జనం నిద్రపోతుంటారు.

పొద్దున్నే ఇంజిన్ ఆయిల్, కూలంట్ చూడాలి. సాయంత్రం ఆగాక ప్రొపెల్లర్ షాఫ్ట్ గ్రీజు పిడిని బిగుతు తగిలేదాకా తిప్పాలి, లేకపోతే అక్కడినుంచి నీళ్లు లోపలికి చుక్కలు చుక్కలుగా కారతాయి. ప్రొపెల్లర్‌కు ప్లాస్టిక్ సంచో తాడో చుట్టుకుంటే పడవ ఊగిపోతుంది, పొగ నల్లగా వస్తుంది, ఎంత ఇంజిన్ ఇచ్చినా ముందుకు పోదు. ఇంజిన్ ఆపి, తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాకే వెనకున్న వీడ్ హ్యాచ్ మూత తెరిచి చేత్తో తీయాలి. మళ్లీ మూత గట్టిగా బిగించకపోతే ఇంజిన్ వేసిన వెంటనే ఆ రంధ్రంలోంచి నీళ్లు ఎగజిమ్ముతాయి, పడవలు మునిగేది ఇలా కూడా.

నీళ్ల ట్యాంకు రోజూ నింపండి, దానికి అరగంట నుంచి గంట పడుతుంది, కాఫీ టైమ్‌తో కలపండి. కుళాయిలకు, కొన్ని వంతెనలకు కాలువల్ని చూసుకునే ట్రస్టు ఇచ్చే తాళంచెవి కావాలి, అది పడవలో ఉందో లేదో బయల్దేరేముందే అడగండి. టాయిలెట్ క్యాసెట్ రకమైతే ఇరవై లీటర్లుంటుంది. నలుగురుంటే రోజుకే నిండుతుంది, ఖాళీ చేసే చోట్లు మ్యాప్‌లో గుర్తుపెట్టుకోండి. కరెంటు బ్యాటరీల నుంచి వస్తుంది. హెయిర్ డ్రయ్యర్, ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్ ఇంట్లోనే ఉంచండి. గ్యాస్ స్టవ్ ఉంటుంది, ప్రెషర్ కుక్కర్‌తో పని జరిగిపోతుంది. పెద్ద సూట్‌కేసులు పెట్టడానికి చోటుండదు, మడతపెట్టగల సంచులు తెచ్చుకోండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం బటన్ నొక్కి చూడండి, గాలి రంధ్రాలకు గుడ్డలు అడ్డం పెట్టకండి.

ఎవరైనా నీళ్లలో పడితే వెంటనే న్యూట్రల్‌లో పెట్టండి. వాళ్లవైపు రివర్స్ ఇస్తే ప్రొపెల్లర్ లాగేస్తుంది. చాలాచోట్ల నడుము లోతే ఉంటుంది, లేచి నిలబడమని అరవండి. లాకులో పడితే ముందు అన్ని ప్యాడిళ్లూ మూయాలి. ఈత రానివాళ్లకు, పిల్లలకు లైఫ్ జాకెట్ ఎప్పుడూ ఉండాలి. కాలువ నీళ్లు తగిలిన చేతుల్ని తినేముందు సబ్బుతో కడగాలి, ఎలుకల వల్ల వచ్చే వీల్స్ జ్వరం ఈ నీళ్ల నుంచి అంటుకోవచ్చు.

చివరి రాత్రి మజిలీ బోట్‌యార్డుకు గంట దూరం లోపలే ఉండాలి, మధ్యలో లాకు ఉండకూడదు. చాలాచోట్ల పొద్దున 9 కల్లా అప్పగించమంటారు. ఆ రోజు పొద్దున లాకు ముందు మీకన్నా ముందు మూడు పడవలు క్యూలో ఉంటే, 8 గంటలకు బయల్దేరినవాళ్లకు చేయగలిగింది బోట్‌యార్డుకు ఫోన్ చేయడం ఒక్కటే.