కాయ పలికింది

శుక్రవారం. రాత్రి పది దాటింది.

మార్చి నెలలో మిర్చి యార్డు నుంచి రాగానే చొక్కా విప్పి బయట దండెం మీదే ఆరేయాలి. ఆ ఘాటు లోపలికొస్తే అమ్మాయికి దగ్గు మొదలవుతుంది. స్నానం చేసినా గోళ్ళ సందుల్లో మంట పోదు. అయినా అన్నం తిని పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఇవాళ రాయకుండా పడుకుంటే నిద్ర పట్టదు.

పగలంతా నేను రాసేవి కాటా చీటీలు. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో 19 ఏళ్ళుగా గుమాస్తాని. రైతు పేరు, ఊరు, రకం ఏంటి, తేజానా, 334ఆ, బాడిగా, టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఎన్ని, ఒక్కోటి ఎన్ని కిలోలు, క్వింటా రేటెంత. నేను రాసే ప్రతి అంకె మీదా ముగ్గురి కళ్ళుంటాయి: రైతువి, కొన్నాయనవి, మా షావుకారువి. అర కిలో తేడా వచ్చినా అక్కడే నిలదీస్తారు. నిలదీయాలి కూడా, అది ఒక ఇంటిల్లిపాదీ ఏడాది కష్టం. ఆ రాత మీద నాకు గౌరవం ఉంది. రాత్రి రాసుకునేది మాత్రం నాది. దాన్ని ఎవరూ కాటా మీద పెట్టరు.

మధ్యాహ్నం ఒక పెద్దాయన తన టిక్కీల పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. మూతి విప్పిన బస్తాలోంచి ఒక కాయ తీశాడు. తొడిమ పట్టుకుని, చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఆడించాడు. రేటు అప్పటికే ఖాయమైపోయింది, ఇక చూసుకోవాల్సిందేమీ లేదు. ఊరికే విన్నాడు. విని, కాయను మళ్ళీ బస్తాలో పెట్టాడు. విసరలేదు, పెట్టాడు.

ఆ చప్పుడు రాయాలి. గంటసేపు దానితోనే ఉన్నాను. 'గలగల' అని రాసి కొట్టేశాను, అది చిల్లర డబ్బుల చప్పుడు. 'గిలక్కాయలా' అని రాశాను. గిలక్కాయ పక్కగదిలో వాళ్ళక్కూడా వినిపిస్తుంది. ఎండుమిరపకాయలో గింజల చప్పుడు చెవికి ఆనించుకున్నవాడికి తప్ప ఇంకెవరికీ వినపడదు. 'సరసర' కూడా కొట్టేశాను. ఒక్క మాట కోసం ఇంత సేపు కూర్చోవడం నాకెంత ఇష్టమో! షావుకారు పిలవడు, హమాలీలు తొందరపెట్టరు. కొట్టేసిన మాటలకు లెక్క చెప్పక్కర్లేదు.

ఇరవై రెండేళ్ళ వయసులో ఒక వారపత్రికకు కథ పంపాను. తిరుగు కవరు పెట్టి, స్టాంపు అంటించి మరీ పంపాను. రెండు నెలలకు అదే కవరులో తిరిగొచ్చింది. తిరిగొచ్చినందుకు బాధ కొన్నాళ్ళే. మిగిలిపోయిన బాధ వేరు. ఆ కథ మా అమ్మ గురించి. చదివేవాళ్ళు కళ్ళు తుడుచుకోవాలని చివర్లో అమ్మను చంపేశాను. నేను ఆ పేజీ రాస్తున్నప్పుడు అమ్మ పెరట్లో గోంగూర కోస్తోంది. ఆ కాగితాలు పొయ్యిలో పెట్టాను. ఆ తర్వాత అచ్చు కోసం ఒక్క ముక్క కూడా రాయలేదు.

మా అమ్మాయి ఇంటర్. బ్రాడీపేటలో ట్యూషన్ నుంచి వచ్చి అప్పుడప్పుడూ నాకు పాఠాలు చెబుతుంది. మొన్న ఎమిలీ డికిన్సన్ అనే అమెరికా కవయిత్రి సంగతి చెప్పింది. దాదాపు 1,800 కవితలు రాసిందట. బతికుండగా అచ్చయినవి పది, ఆ చుట్టుపక్కల. 1886లో ఆవిడ పోయాక చెల్లెలికి దొరికాయట మిగతావి. అందులో 800 దాకా కవితల్ని కాగితాలు మడిచి, దారంతో కుట్టి, చిన్న చిన్న పుస్తకాలుగా దాచుకుందట. నాకు ఒళ్ళు జలదరించింది. నా ఈ పుస్తకం కూడా కుట్టిందే. ఒకవైపే వాడిన పాత పద్దు కాగితాలు, బస్తాలు కుట్టే దబ్బనం, పురికొస. 1,800 ఎక్కడ, నావెక్కడ, పోలిక అది కాదు. సూదిలో దారం ఎక్కించే ముందు కాగితాల అంచులన్నీ సమంగా తట్టుకుంటాం చూడు, ఆవిడా అలాగే తట్టుకుని ఉంటుంది.

"పోటీలకి పంపొచ్చుగా నాన్నా" అంది అమ్మాయి. "వద్దమ్మా, ఇది నాకే" అన్నాను. ఇంకేమీ అడగలేదు.

మాట దొరికింది! నీళ్ళు తాగడానికి లేచినప్పుడు దొరికింది. సత్తెనపల్లి దగ్గర మా ఊళ్ళో, కల్లంలో, అమ్మ తాలు కాయలు ఏరుతూ మధ్యలో ఒక మంచి కాయ తీసి చెవి దగ్గర ఆడించేది. "ఇంకా పలకలేదురా, ఇంకో రెండు ఎండలు పడాలి" అనేది. పలకడం! 'చప్పుడు' అనే మాటే అక్కర్లేదు. పెద్దాయన కాయను చెవి దగ్గర పెట్టుకున్నాడు, కాయ పలికింది. రాసి, వంటింటి గుమ్మం దగ్గరే నిలబడి పైకి చదువుకున్నాను.

"ఏమండీ, లైటు తీయరా?" అంటోంది లోపల్నుంచి.

అమ్మ పోయి మూడేళ్ళు. ఈ పుస్తకంలో మాత్రం ఎక్కడా పోలేదు, కల్లంలోనే కూర్చుని ఉంది. రేపు యార్డుకు సెలవు. పెద్దాయన బొటనవేలి గోరు కింద నిలిచిపోయిన ఎరుపు గురించి రాయాలి, ఎండిన నెత్తురులా ఉందనకుండా.