ఉప్పుగాలిలో నిలిచే కంచె: మూడు వైపులా పని అయింది, గేటు మిగిలింది

గేటు ఉన్న వైపు తప్ప మిగతా మూడు వైపులా కంచె నిలబడింది. బోల్టులు బిగించడం కూడా అయిపోయింది కాబట్టి ఏ మెటీరియల్ ఎందుకు తీసుకున్నానో, ఏది ఎందుకు వద్దనుకున్నానో మర్చిపోకముందే రాసి పెడుతున్నాను. ఇల్లు సముద్రానికి ఎదురుగా ఉన్నవాళ్ళకి ఇదంతా పనికొస్తుంది. కాస్త లోపలికి ఉన్నవాళ్ళు ఇంతగా ఆలోచించక్కర్లేదు, అలలు విరిగేటప్పుడు లేచే తుంపరలో బరువైన చుక్కలు ఒడ్డు నుంచి మొదటి కొన్ని వందల మీటర్లలోనే చాలావరకు రాలిపోతాయి, సన్నవి మాత్రం గాలి జోరుగా ఉన్న రోజు కిలోమీటర్ల దూరం పోతాయి.

ముందు పాత కంచె సంగతి. పీకిన ప్రతి ముక్కనీ పారేసే ముందు తిప్పి చూశాను, నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పింది అదే. పైన అడ్డంగా వెళ్ళే పైపునే తీసుకుంటే, ఆకాశం వైపు ఉన్న ముఖం రంగు వెలిసిపోయింది గానీ ఇనుము గట్టిగానే ఉంది. అదే పైపుని తిరగేసి అడుగున స్క్రూడ్రైవర్ కొనతో గీస్తే రంగు పెద్ద పెచ్చుగా లేచొచ్చింది, దాని వెనక తుప్పు పొరలు పొరలుగా ఉంది, ఇంకాస్త నొక్కితే స్క్రూడ్రైవర్ లోపలికి దిగిపోయింది. మెష్‌ని పట్టి ఉంచే క్లాంపుల కింద, వాషర్ల కింద కూడా ఇదే పరిస్థితి. వాన నేరుగా పడే చోట ఉప్పు ఎప్పటికప్పుడు కడుక్కుపోతుంది, వాన తగలని చోట పేరుకుంటూ పోతుంది.

పేరుకున్న ఉప్పు ఊరికే ఉండదు, గాలిలో తేమని లాక్కుంటుంది. మామూలు ఉప్పు, అంటే సోడియం క్లోరైడ్, గాలిలో తేమ 75 శాతం దాటితే నీరు కారడం మొదలుపెడుతుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కి అయితే 33 శాతం చాలు. అంటే మనకి అంతా పొడిగా కనిపిస్తున్న మధ్యాహ్నం కూడా ఆ పైపు అడుగున పల్చటి ఉప్పునీటి పొర పని చేస్తూనే ఉంటుంది. అందుకే నేను ఏ కంచె డిజైన్ చూసినా ముందు మెటీరియల్ పేరు అడగడం మానేశాను. అతుకులు ఎక్కడున్నాయి, కోసిన అంచులు ఎక్కడున్నాయి, వాన గానీ గొట్టంతో కొట్టే నీళ్ళు గానీ చేరని మూలలు ఎన్ని ఉన్నాయి, ఇవే చూస్తున్నాను. ఎంత మంచి లోహమైనా ఆ మూలల దగ్గరే ఓడిపోతుంది.

ఇక జింకు పూత గురించి. ఇక్కడ లెక్క వేసుకోకపోతే చాలా నష్టం. ఐఎస్ఓ 9223 అనే ప్రమాణం వాతావరణాన్ని సీ1 నుంచి సీ5 దాకా, దాని పైన సీఎక్స్ అని, లోహాన్ని ఎంత వేగంగా తింటుందో చూసి విడదీస్తుంది. సీ5 లో జింకు ఏడాదికి 4.2 నుంచి 8.4 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పోతుంది, సీఎక్స్ లో 8.4 నుంచి 25 దాకా. సముద్రానికి ఎదురుగా ఉన్న ఇంటిని నేను సీ5 కింద లెక్కేసుకున్నాను. ఇప్పుడు చూడండి, షాపులో మెరుస్తూ కనిపించే మామూలు జింకు ప్లేటింగ్ బోల్టు మీద పూత చాలావరకు 5 నుంచి 12 మైక్రాన్ల మధ్యే ఉంటుంది, అంటే ఏడాది, మహా అయితే రెండు మూడేళ్ళు. ముందే గాల్వనైజ్ చేసిన, అంటే జింకు పూసిన, రేకుని చుట్టి చేసే పైపులు చాలా వస్తాయి, జెడ్275 అని రాసి ఉంటే రెండు వైపులా కలిపి చదరపు మీటరుకి 275 గ్రాముల జింకు అని అర్థం, ఒక్కో వైపు దాదాపు 20 మైక్రాన్లు. అదీ నాలుగైదేళ్ళు మించదు. పైగా కోసిన చివర, వెల్డింగ్ చేసిన చోట ఆ పూత కూడా ఉండదు.

కోయడం, చిల్లులు వేయడం, వెల్డింగ్ అంతా అయిపోయాక మొత్తం ముక్కని 450 డిగ్రీల కరిగిన జింకులో ముంచి తీస్తే కథ మారుతుంది. ఇలా ముంచి వేసే పూతకి ఉన్న ఐఎస్ఓ 1461 ప్రమాణం ప్రకారం 3 నుంచి 6 మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు మీద సగటున 70 మైక్రాన్లు, 6 మిల్లీమీటర్లు దాటితే 85 మైక్రాన్లు ఉండాలి. 70 ని 8.4 తో భాగిస్తే ఎనిమిదేళ్ళు, 4.2 తో భాగిస్తే పదహారేళ్ళు. దాని మీద మంచి పెయింట్ కూడా ఉంటే జింకు అరుగుదల పెయింట్ పోయాకే మొదలవుతుంది, పెయింట్ మీద గీత పడినా కింద జింకు ఉంది కాబట్టి తుప్పు పక్కలకి పాకదు, ఈ రెండూ ఒకదాన్ని ఒకటి కాపాడుకుంటాయి. స్తంభాలకి నేను ఇదే తీసుకున్నాను, 4 మిల్లీమీటర్ల మందం చదరపు పైపు, అడుగున ప్లేటు. చిల్లులన్నీ ముందే వేయించాను. బోలు పైపుని ముంచాలంటే రెండు చివర్లా గాలి పోవడానికి రంధ్రాలు తప్పనిసరి, లేకపోతే లోపల చిక్కుకున్న తేమ ఆవిరై పైపు పేలే ప్రమాదం ఉంది. ఆ రంధ్రాల వల్ల ఇంకో లాభం, లోపలి గోడకి కూడా జింకు పడుతుంది, తర్వాత లోపల చేరిన నీళ్ళు బయటికి పోవడానికి కూడా అవే దారి.

పెయింట్ దగ్గర ఒక్క మాట చాలా ముఖ్యం. గాల్వనైజ్డ్ మీద నేరుగా మామూలు సింథటిక్ ఎనామిల్ వేయకూడదు. అందులో రంగుని పట్టి ఉంచే ఆల్కిడ్ అనే జిగురు జింకుతో కలిసి సబ్బులాంటి పదార్థం అవుతుంది, కొన్నాళ్ళకి రంగు మొత్తం ఊడొస్తుంది. నేను ముందు డిటర్జెంట్ నీళ్ళతో జిడ్డు తీసి, సన్నగా గరుకు చేసి, మళ్ళీ మంచినీళ్ళతో బాగా కడిగి, ఆరాక జింకుకి పనికొచ్చే ఎపాక్సీ ప్రైమర్, దాని మీద పాలీయురిథేన్ వేశాను. అంచుల దగ్గర పెయింట్ తనంతట తానే పల్చబడుతుంది కాబట్టి అంచులన్నిటికీ ముందు బ్రష్‌తో ఒక చేయి అదనంగా వేసి, ఆ తర్వాత మొత్తం వేశాను. ఉదయం పూట వేయొద్దు, లోహం కంటికి పొడిగానే ఉన్నా మంచు బిందువుకి, అంటే గాలిలో తేమ నీటి బొట్లుగా మారే ఉష్ణోగ్రతకి, దగ్గరగా ఉంటే పెయింట్ కింద తేమ చిక్కుకుంటుంది. లోహం ఉష్ణోగ్రత ఆ బిందువు కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. ఒక కోటుకీ ఇంకో కోటుకీ మధ్య రాత్రి గడిస్తే కోటు మీద ఉప్పు చేరుతుంది, తడి గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి వేయాలి. ఇది చాలామంది వదిలేస్తారు, కొత్త పెయింట్ బొబ్బలు రావడానికి ఇదీ ఒక కారణం.

స్టెయిన్‌లెస్ స్టీల్ పెట్టేస్తే గొడవ ఉండదు కదా అని నన్ను చాలామంది అడిగారు. ఉంటుంది. స్టెయిన్‌లెస్‌లో ఎక్కువగా దొరికేవి 304, 316 అనే రెండు రకాలు. 304 సముద్రం దగ్గర త్వరగానే టీ ఒలికినట్టు గోధుమరంగు మరకలు పడుతుంది, క్రమంగా సన్నటి గుంటలు కూడా. 316 లో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం అనే లోహం ఉంటుంది, క్లోరైడ్‌ని తట్టుకునేది దానివల్లే, అయినా గరుకు ఫినిష్ తీసుకుంటే గీతల్లో ఉప్పు కూర్చుని 316 కూడా మరక పడుతుంది. నున్నగా పాలిష్ చేసినదే తీసుకోవాలి. అయస్కాంతంతో ఈ రెండిటినీ విడదీయలేం, రెండూ దాదాపు అంటుకోవు. మాలిబ్డినం కనిపెట్టే చుక్కల మందు దొరుకుతుంది, చిన్న సీసా, ఒక చుక్క వేస్తే రంగు చెప్పేస్తుంది. బోల్టులు కొన్నప్పుడు ప్రతి ప్యాకెట్ నుంచి ఒకటి తీసి చూశాను, ఆ నిమిషం పనికి ఎన్నో ఏళ్ళ నిశ్చింత. ఇంకో సంగతి, పక్కన గ్రైండర్‌తో మామూలు ఇనుము కోస్తే ఎగిరే రజను స్టెయిన్‌లెస్ మీద పడి అక్కడే తుప్పు చుక్కలవుతుంది, రెండు పనులూ ఒకేచోట పెట్టుకోకండి.

నిలువు పట్టీలకి, అడ్డ పట్టీలకి అల్యూమినియం తీసుకున్నాను, 6063 రకం, పౌడర్ కోటింగ్‌తో. అల్యూమినియం తనపైన తానే గట్టి ఆక్సైడ్ పొర కట్టుకుంటుంది, బరువు తక్కువ, ఒక్కడినే ఎత్తి పెట్టుకోగలిగాను. బలహీనత అంతా కోసిన చివర్లలోనే ఉంది, పౌడర్ కోటింగ్ కింద సన్నటి దారాల్లా తెల్లటి తినివేత అక్కడి నుంచే పాకుతుంది. అందుకని ముక్కల్ని సైజుకి కోసి, చిల్లులు వేశాకే కోటింగ్‌కి పంపాను. ఇక్కడికొచ్చాక కోయాల్సొచ్చిన ఒకటి రెండు చివరలకి ప్రైమర్ పూసి టోపీ పెట్టాను.

అల్యూమినియం, జింకు పూసిన ఉక్కు, స్టెయిన్‌లెస్ బోల్టు, ఈ మూడూ ఒకచోట కలిసి మధ్యలో ఉప్పునీరు ఉంటే బ్యాటరీయే. స్టెయిన్‌లెస్ క్షేమంగా ఉంటుంది, పక్కవాళ్ళు కరుగుతారు. పెద్ద అల్యూమినియం పట్టీలో చిన్న స్టెయిన్‌లెస్ బోల్టు ఉంటే నష్టం నెమ్మదిగా జరుగుతుంది, అదే పెద్ద స్టెయిన్‌లెస్ రేకుకి చిన్న అల్యూమినియం రివెట్ కొడితే రివెట్ చూస్తుండగానే పోతుంది. ఎలాగైనా తగలనివ్వకపోవడమే మంచిది. ప్రతి బోల్టుకీ నైలాన్ గొట్టం తొడిగి, రెండు వైపులా నైలాన్ వాషర్ వేసి, పట్టీకీ స్తంభానికీ మధ్య నలుపు ఈపీడీఎం రబ్బరు ముక్క పెట్టాను. మల్టీమీటర్‌తో బోల్టుకీ పట్టీకీ మధ్య చూస్తే కనెక్షన్ ఉండకూడదు, మోగితే విప్పి మళ్ళీ బిగించడమే. విసుగు పుట్టే పని, కానీ మొత్తం కంచె ఆయుష్షు ఈ అతుకుల మీదే ఉంది కాబట్టి ఒక్కటీ వదల్లేదు.

మిగతా వాటి గురించి క్లుప్తంగా. చెక్కని ఉప్పు పెద్దగా ఏమీ చేయదు, దాన్ని తినేది నేల దగ్గర తేమ, ఎండ. అయితే రాగి మందు పట్టించిన చెక్కలో మామూలు జింకు మేకులు త్వరగా పోతాయి, 316 వాడాలి. పీవీసీకి తుప్పు సమస్యే లేదు గానీ పెనుగాలికి నిలబడటానికి లోపల ఇనప పట్టీ పెడతారు, కొనేముందు చివర విప్పించి అది చూడండి. ప్లాస్టిక్ తొడుగు ఉన్న చెయిన్ లింక్ మెష్ బయటికి అందంగా ఉంటుంది, కోసిన చివర నుంచి తుప్పు లోపల్లోపలే పాకి బయటపడేసరికి ఆలస్యం అవుతుంది, నేను వద్దనుకున్నాను. కాంక్రీటు స్తంభాలైతే లోపలి కడ్డీకి చుట్టూ 50 మిల్లీమీటర్ల కవర్ ఉంటేనే ఒప్పుకోవాలి, క్లోరైడ్ కడ్డీ దాకా చేరితే తుప్పు ఉబ్బి కాంక్రీటుని పగలగొడుతుంది.

పునాది విషయంలో స్తంభాన్ని మట్టిలోకి గానీ కాంక్రీటులోకి గానీ దించలేదు. నేల కంటే ఎత్తుగా చిన్న కాంక్రీటు దిమ్మ కట్టి, దాని పైభాగం నాలుగు వైపులా వాలు ఉంచి, మధ్యలో ప్లేటు కూర్చునేంత మేర మాత్రం మట్టం చేసి, బోల్టులతో ప్లేటు బిగించాను. స్తంభం మొదట్లో నీళ్ళు నిలవవు, ఆకులూ మట్టీ పేరుకోవు, రేపు ఒక స్తంభం మార్చాలన్నా నాలుగు నట్లు విప్పితే చాలు. అడ్డ పట్టీలు కూడా బోర్లించిన తొట్టి ఆకారంలో కాకుండా పైన గుండ్రంగా, అడుగున తెరిచి లేకుండా మూసి ఉన్నవే తీసుకున్నాను, గొట్టంతో కింది నుంచి కొడితే అడుగంతా కడుక్కుపోతుంది.

కడగడం ఇప్పటికే మొదలుపెట్టాను. మంచినీళ్ళు, మామూలు ప్రెషర్, కింది నుంచి పైకి, ముఖ్యంగా వాన తగలని అడుగు భాగాలు. వానలు పడుతున్నన్నాళ్ళూ పెద్దగా అక్కర్లేదు, వానలు లేకుండా గాలి వీస్తున్న నెలల్లోనే తరచుగా కావాలి. బ్లీచింగ్ దగ్గరికి కూడా రానివ్వను, అందులోనూ క్లోరిన్ ఉంది. సిమెంటు మరకలకి వాడే యాసిడ్ కూడా అంతే, దాని ఆవిరి చాలు జింకునీ స్టెయిన్‌లెస్‌నీ పాడు చేయడానికి.

ఇక గేటు. ఫ్రేమ్ మొత్తం వెల్డ్ చేసి ఒకేసారి జింకులో ముంచడానికి ఇచ్చాను, వేడికి వంకర పోకుండా మూలలకి అడ్డ కర్రలా ఒక పట్టీ వేయించాను, ముంచి తెచ్చాక కోయకుండా అలాగే ఉంచేస్తాను. మడతబందులు, గడియ 316 లోనే, కదిలే చోట మెరైన్ గ్రీజు. పిన్ను తిరిగే రంధ్రంలో లోహం మీద లోహం రాసుకుంటే పూత నిలవదు కాబట్టి అక్కడ నైలాన్ బుష్ పెట్టాలి, సరైన సైజుది ఇంకా దొరకలేదు, అది దొరికితే గేటు ఎక్కిస్తాను.