ఎండకూ వానకూ ఒకటే సంచి

భాద్రపదం చివర్లో వరంగల్ వెళ్లేవాళ్లు వాతావరణ సూచన చూసి బట్టలు సర్దుకోవడం దండగని నా అభిప్రాయం. వాన అన్న రోజు ఎండ మాడుస్తుంది, ఎండ అన్న రోజు మధ్యాహ్నానికల్లా మబ్బు ముంచుకొస్తుంది. అందుకే సంచిలో పెట్టే ప్రతి బట్టనూ ఒకే పరీక్షకు నిలబెట్టాను: రాత్రి పిండి ఆరేస్తే తెల్లారేసరికి ఆరుతుందా? జీన్సు అక్కడే ఆగిపోయింది. మందపాటి తువ్వాలు కూడా అంతే, దాని బదులు తుండుగుడ్డలు వచ్చాయి. పల్చటి నూలు కుర్తాలు, ఒక శాలువా, గొడుగు, గది కిటికీకి కట్టుకోవడానికి కాస్త నైలాన్ తాడు. దండెం లేని లాడ్జి గదుల్లో ఆ తాడు విలువ తెలుస్తుంది.

వదిన పట్టుచీర తీసింది. "ఎంగిలిపూల బతుకమ్మకు వెళ్తూ నన్ను నూలుచీర కట్టుకోమంటావా?"

"చినుకు పడితే పట్టు మీద మరకలు పోవు వదినా."

చివరికి గద్వాల చీర దగ్గర రాజీ కుదిరింది. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. పండుగకు పండుగ, వానకు వాన.

సికింద్రాబాద్ నుంచి కాజీపేట దాకా ఏసీ పెట్టెలో శాలువా కప్పుకొనే కూర్చున్నాం. దిగగానే ఉక్కపోత.

ఆ సాయంత్రం హనుమకొండ వేయిస్తంభాల గుడి దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం. కాకతీయ రాజు రుద్రదేవుడు 1163లో కట్టించిన గుడి ముందు తంగేడు, బంతి, గునుగు పూల బతుకమ్మలు వరుసగా వచ్చి చేరుతున్నాయి. ఆట ఊపందుకున్నాక చినుకులు మొదలయ్యాయి. ఎవరూ కదల్లేదు. గునుగు పూలకు రంగులు అద్దుతారు కదా, తడిస్తే ఆ రంగు కారుతుంది. మా పక్కనున్న అమ్మాయి లేతపసుపు ఓణీ మీద గులాబీ చారలు దిగాయి. బతుకమ్మ ఎత్తుకునే చేతులకు ముదురు రంగు బట్టలే క్షేమం. వదిన చీర అంచు తడిసింది గానీ, గదిలో ఫ్యాను కింద పొద్దుటికి ఆరిపోయింది. ఆ మాట నేను రెండుసార్లు గుర్తుచేశాను.

మర్నాడు ఖిలా వరంగల్. నాలుగు తోరణాల మధ్య, ఒకప్పుడు స్వయంభూ శివాలయం ఉన్న చోట, శిల్పాల ముక్కలు చూస్తూ తిరగడానికి గంటలు పడుతుంది, నీడ మాత్రం తక్కువ. చేతుల్లేని కుర్తా చల్లగా ఉంటుందనుకుంటారు. ఆ ఎండలో మణికట్టు దాకా వచ్చే పల్చటి చేతులే నయం. గొడుగు వానకన్నా అక్కడే ఎక్కువ పనికొచ్చింది.

పాలంపేట దారిలో మళ్లీ జోరువాన. 1213 నాటి రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక రద్దీ పెరిగింది, వానలోనూ బస్సుల కొద్దీ జనం. గుడిలో వట్టికాళ్లతో నడవాలి. తడి రాయి జారుతుంది, మబ్బు విడితే అదే రాయి చురుక్కుమంటుంది. పాదాల దాకా జీరాడే బట్టలు వద్దు, చీలమండ పైకి ఉండాలి. లేసుల బూట్లతో వచ్చినవాళ్లు గుడి బయట వంగి ముడులు విప్పుకోవడం చూస్తే జాలేసింది. రబ్బరు చెప్పులు ఇట్టే విడిచి ఇట్టే తొడుక్కోవచ్చు. చూరు కింది నల్లరాతి మదనికల్లో, అంటే నాట్యకత్తెల శిల్పాల్లో, ఒకామె కాళ్లకు ఎత్తు మడమల చెప్పులున్నాయి. ఎనిమిది వందల ఏళ్లుగా ఆమెకు విడవమని ఎవరూ చెప్పలేదు, విడిచింది మేమే.

బట్టల అంచులకు అంటిన బురదను తడిగా ఉండగా రుద్దకూడదు. ఎండనిచ్చి దులిపితే సగం రాలిపోతుంది, మిగిలింది సబ్బుకు లొంగుతుంది.

తిరుగు ప్రయాణానికి ముందు కొత్తవాడలో ఆగాం. వరంగల్ దర్రీలకు, అంటే నూలు జంపఖానాలకు, 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ) దక్కింది. మగ్గం మీద నేసిన ఎర్రచారల దర్రీ వదినకు నచ్చింది, చుట్టినా సంచిలో సగం ఆక్రమించేంత బరువు. జీన్సు తీసేసిన చోట అది సరిపోయింది. పట్టుచీర కూడా ఉండి ఉంటే ఎక్కడ పెట్టేదానివని అడిగాను. "కట్టుకొని వచ్చేదాన్ని" అంది వదిన.