మీటర్ గుర్తులతో ఈమధ్య నా కాలక్షేపం

సర్క్యూట్ డయాగ్రమ్ చేతికి రాగానే ఇప్పుడు నా కళ్లు ముందు మీటర్ల మీదకే పోతున్నాయి. ఏ ఉంటే అమ్మీటర్, వి ఉంటే వోల్ట్‌మీటర్, అంతవరకు స్కూల్లోనే చెప్పేశారు. ఆ అక్షరం చుట్టూ గీసిన ఆకారానికీ అర్థం ఉందని మాత్రం ఎవరూ చెప్పలేదు. సర్క్యూట్ గుర్తులకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఈసీ 60617 పద్ధతిలో వృత్తం అంటే అప్పటికప్పుడు విలువ చూపించేది, చతురస్రం అంటే రికార్డు చేసేది. పైభాగంలో అడ్డగీత ఉన్న పెట్టె కనిపిస్తే అది కూడబెట్టి లెక్క చెప్పేది, ఇళ్లలో ఉండే కరెంటు మీటర్ అన్నమాట.

నాకు బాగా నచ్చింది వాట్‌మీటర్, అంటే పవర్‌ని కొలిచేది. కరెంట్ కాయిల్ లోడుతో, అంటే కరెంటు వాడుకునే పరికరంతో, సిరీస్‌లో, వోల్టేజీ కోసం ఉండే ప్రెషర్ కాయిల్ ప్యారలల్‌లో. అందుకే దానికి నాలుగు టెర్మినల్స్. ఒక్కో కాయిల్‌కి ఒక టెర్మినల్ పక్కన చిన్న చుక్కో, స్టారో పెడతారు. దాన్ని పట్టించుకోకుండా ఒక కాయిల్ తిరగేసి కలిపారో, ముల్లు వెనక్కి పోతుంది!

ఇక పాత ముల్లు మీటర్ల డయల్ మీద, కింద మూలన, కళ్లు చికిలించుకుని చూడాల్సిన గుర్తులుంటాయి. గుర్రపునాడా అయస్కాంతం బొమ్మ అంటే మూవింగ్ కాయిల్ రకం, అయస్కాంతం మధ్య తీగచుట్ట తిరిగేది. అలలా గీత ఉంటే ఏసీకి. నక్షత్రంలో 2 ఉంటే ఇన్సులేషన్‌ను 2 కిలోవోల్టులతో పరీక్షించారని. ఊరికే 1.5 అని ఉంటే ఫుల్ స్కేల్‌లో 1.5 శాతం దాకా తేడా రావచ్చని. అంటే 300 వోల్టుల మీటర్‌లో 4.5 వోల్టులు అటూ ఇటూ. ముల్లు 30 దగ్గర ఆగినా అంతే తేడా. చిన్న రీడింగుకి పెద్ద మీటర్ తగిలించేవాళ్లకి ఆ అంకె ఒక్కసారి చూపించండి.