దొంగతనం కేసు, రాజీ కాగితం, ఏడు నెలలు

విదేశాల్లో ఉద్యోగానికి అడిగే పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ (పీసీసీ) నిన్న మధ్యాహ్నం నా చేతికొచ్చింది. బస్సులో కూర్చుని నాలుగుసార్లు చదువుకున్నాను. ఈ ఒక్క కాగితం కోసం ఏడు నెలలు తిరిగాను. ఇలాంటి కేసు ఉన్నవాళ్లు సిగ్గుతో ఎవరికీ చెప్పుకోలేక ఏజెంట్ల చేతిలో పడుతుంటారు. అందుకే మర్చిపోకముందే అంతా రాస్తున్నాను.

ముందు నా తప్పు చెప్తాను. 2018లో నాకు పందొమ్మిదేళ్లు, పాలిటెక్నిక్ చివరి ఏడాది. పరీక్ష ఫీజుకు డబ్బులు లేక రూమ్మేట్ ఫోన్ తీసి మూడు వేలకు అమ్మేశాను. రెండు రోజులు నిద్ర పట్టక మూడో రోజు వాడికి చెప్పేశాను. అప్పటికే స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చేశాడు. దొంగతనానికి పెట్టే ఐపీసీ 379 సెక్షన్ కింద ఎఫ్‌ఐఆర్ అయింది. ఫోన్ దొరికింది, వాడికి ఇచ్చేశారు. నన్ను అరెస్టు చేయకుండా, పిలిచినప్పుడు రావాలని 41ఏ నోటీసు ఇచ్చి ఇంటికి పంపారు. వాడు నన్ను క్షమించాడు, కేసు కూడా అంతటితో పోయిందనుకున్నాను.

అది పోలేదు. ఛార్జిషీటు వేశారు, కోర్టులో సీసీ నంబర్ (కేసు నంబర్) పడింది, సమన్లు ఖాళీ చేసిన హాస్టల్ అడ్రస్‌కి వెళ్లాయి. నేను రాలేదని కోర్టు నాన్ బెయిలబుల్ వారెంటు ఇచ్చింది. ఇవేవీ నాకు తెలియవు. పోయిన నవంబర్‌లో దుబాయ్‌లో ఏసీ టెక్నీషియన్ ఉద్యోగానికి సెలెక్ట్ అయి, ఐదు వందలు కట్టి పాస్‌పోర్ట్ ఆఫీసులో పీసీసీకి అప్లై చేస్తే, నా మీద కేసుందని పోలీసుల నుంచి అడ్వర్స్ రిపోర్ట్ వచ్చింది. అప్పుడు తెలిసింది.

మొదట గల్ఫ్ ఏజెంటు దగ్గరికి వెళ్లాను. ‘పాతిక వేలివ్వు, కంప్యూటర్‌లోంచి నీ పేరు తీయించేస్తా’ అన్నాడు. అలా తీయడం ఎవరి వల్లా కాదు. పెద్దవాళ్ల కేసుల్లో రికార్డును తుడిచేసే పద్ధతంటూ మన దేశంలో ప్రత్యేకంగా లేదు. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకైతే 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలో ఆ రక్షణ ఉంది. మనకు దక్కేదల్లా కేసు ఎలా ముగిసిందో రికార్డులో సరిగ్గా ఎక్కించుకోవడమే. ఆ పని కోర్టు నుంచి మొదలవ్వాలి.

తర్వాత ఒక లాయర్. ఫైలు తెరవకుండానే, ‘గిల్టీ ఒప్పేసుకో, ఫైన్ కట్టు, ఒక్కరోజులో అయిపోతుంది’ అన్నాడు. ఆయన మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు. ఒప్పుకుంటే ఫైన్ వంద రూపాయలైనా అది శిక్షే. జీవితాంతం ‘శిక్ష పడిందా?’ అన్న ప్రశ్నకు అవునని రాయాలి. అడగకపోతే ఈ ముక్క ఎవరూ చెప్పరు.

జిల్లా న్యాయసేవాధికార సంస్థ వాళ్లు ఇచ్చిన లాయరమ్మే నన్ను గట్టెక్కించారు. ఆదాయం తక్కువున్నవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు లాయర్‌ను ఉచితంగా ఇస్తారు. 15100కి ఫోన్ చేస్తే చెప్తారు. మేడమ్ ముందు వారెంటు రద్దు చేయమని రీకాల్ పిటిషన్ వేశారు. ఒక్క వాయిదాలో అది తీరింది. తర్వాత నాతో, ‘379 రాజీ పడదగ్గ కేసే బాబూ. సొత్తు ఎవరిదో అతను ఒప్పుకుంటే చాలు. అతన్ని తీసుకురా’ అన్నారు.

ఆరేళ్ల తర్వాత వాడికి ఫోన్ చేయడానికి రెండు రోజులు తటపటాయించాను. చివరికి చేస్తే వాడు అడిగింది ఒక్కటే: ‘ఎప్పుడు రావాలిరా?’ మార్చిలో జాతీయ లోక్ అదాలత్‌కి ముందు రాత్రే బస్సెక్కి వచ్చి సంతకం పెట్టాడు. నేనిచ్చిన బస్సు చార్జీలు తీసుకోలేదు. ఇద్దరం కోర్టు ముందు టీ తాగాం.

కష్టమంతా ఆ తర్వాతే వచ్చింది.

కోర్టులో కాపీ అప్లికేషన్ పెట్టి, లోక్ అదాలత్ అవార్డు (రాజీ తీర్పు) సర్టిఫైడ్ కాపీ తీసుకుని, కేసు నమోదైన స్టేషన్‌కి వెళ్లాను. అక్కడి నుంచి వివరాలు కదిలితేనే సీసీటీఎన్‌ఎస్‌లో, అంటే పోలీసుల కంప్యూటర్ రికార్డులో, ‘పెండింగ్ ట్రయల్’ (విచారణ పెండింగ్) అన్నది మారుతుంది. స్టేషన్ రైటర్ నన్ను చూసి హాలంతా వినపడేలా, ‘ఆ సెల్‌ఫోన్ దొంగతనం కేసు నువ్వేనా?’ అన్నాడు. అవునన్నాను. బెంచీ మీద నా పక్కనున్న పెద్దాయన మాట్లాడకుండా తన సంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఎఫ్‌ఐఆర్ అయిన రోజు కూడా నాకు అంత తల కొట్టేసినట్టు అనిపించలేదు.

మూడు గంటలు కూర్చోబెట్టి కాగితం చూశాడు. అందులో ఉన్నది ఇంతే: ఇరుపక్షాలు రాజీ పడ్డాయి, కేసు ముగిసింది. ‘రాజీ అంటే తప్పు ఒప్పుకున్నట్టే కదా! కేసు కొట్టేసినట్టు ఎక్కడుంది? అక్విటల్ (నిర్దోషిగా విడుదల) అని రాయించుకురా’ అన్నాడు. సరేనని కోర్టుకు వెళ్తే బెంచ్ క్లర్క్, అవార్డు ఇలాగే ఉంటుంది, మార్చడానికి లేదన్నారు. మళ్లీ స్టేషన్. రైటర్ సెలవు. మళ్లీ వెళ్తే బందోబస్తు డ్యూటీ. రెండో వారం వెళ్తే నన్ను గుర్తుపట్టనట్టు, ‘ఏ కేసు?’ అని మొదటి నుంచి అడిగాడు. ప్రతిసారీ అందరి ముందూ ‘దొంగతనం కేసండీ’ అని నా నోటితో నేనే చెప్పాలి. అలా నాలుగుసార్లు చెప్పాను. రోజు కూలీ వదులుకుని, నూట పదిహేను కిలోమీటర్లు వచ్చి, మళ్లీ అంతే వెనక్కి.

నాలుగోసారి బయటికొచ్చి మేడమ్‌కి ఫోన్ చేసి ఏడ్చేశాను. ఆమె నన్ను తిట్టారు: ‘సీఆర్‌పీసీ (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 320వ సెక్షన్‌లో ఎనిమిదో సబ్‌సెక్షన్ జిరాక్స్ తీసి దానికి పిన్ చేయకుండా ఎందుకెళ్తున్నావు?’ రాజీ పడితే నిందితుడు నిర్దోషిగా విడుదలైనట్టేనని అందులో ఒక్క వాక్యంలో ఉంది. దాని బదులు వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో రాజీ సంగతి 359వ సెక్షన్‌లో ఉంది. 2024 జులై 1 నుంచి నమోదైన కేసులవాళ్లు అది చూసుకోవాలి.

ఆ జిరాక్స్ పెట్టి, ఒక పేజీ అర్జీ రాసి, సోమవారం ఎస్పీ ఆఫీసులో ఫిర్యాదులు తీసుకునే గ్రీవెన్స్‌కి వెళ్లాను. అర్జీలు తీసుకునే ఇన్‌వర్డ్‌లో ఇచ్చి, నా కాపీ మీద స్టాంపు, నంబర్ వేయించుకున్నాను. ఈ స్టాంపు మాత్రం మర్చిపోవద్దు. అది లేని అర్జీని ఎవరూ పట్టించుకోరు. అక్కడి అధికారి రెండు నిమిషాల్లో చదివి, స్టేషన్‌కి ఫోన్ చేసి, ‘ఇతన్ని ఎందుకు తిప్పుతున్నారు?’ అని అడిగారు. పదకొండో రోజుకు రికార్డు మారింది. రెండు నెలలు నన్ను తిప్పింది ఈ రెండు నిమిషాల పని. తప్పు చేసినవాణ్ని కోర్టు వదిలేశాక మళ్లీ శిక్షించే హక్కు బల్ల వెనక కూర్చున్న మనిషికి ఎవరిచ్చారు?

అడ్వర్స్ రిపోర్ట్ మీద పాస్‌పోర్ట్ ఆఫీసుకు సర్టిఫైడ్ కాపీ, స్టాంపున్న అర్జీ జత చేసి జవాబిచ్చాను. మళ్లీ వెరిఫికేషన్ జరిగింది, ఈసారి క్లియర్ అయింది.

ఇంకో మాట. ఉద్యోగం ఫారంలో ‘ఎప్పుడైనా కేసు నమోదైందా?’ అంటే లేదని రాయకండి. ‘శిక్ష పడిందా?’ అన్నది వేరే ప్రశ్న. రెండింటినీ విడివిడిగా చదివి నిజం రాయండి. వివరాలు దాస్తే ఉద్యోగం తీసేయవచ్చని, చిన్న కేసైతే యజమాని దాన్ని పట్టించుకోకుండా వదిలేయవచ్చని 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కోర్టు కేసులు చూపించే ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో నా పేరు ఇప్పటికీ కనిపిస్తుంది, పక్కన ‘డిస్పోజ్డ్’ (కేసు ముగిసింది) అని ఉంటుంది. దుబాయ్ కంపెనీవాళ్లకు నేనే ముందుగా చెప్పాను. కాపీ పంపమన్నారు, పంపాను, సరేనన్నారు.

సర్టిఫైడ్ కాపీలు మూడు తీసుకున్నాను. ఒకటి అమ్మ బీరువాలో నా టెన్త్ మెమో పక్కన పెట్టింది. ఒకటి నా బ్యాగులో ఉంది. మూడోది రూమ్మేట్‌కి పోస్టులో పంపాను. నిన్న రాత్రి ఫోన్ చేసి, ‘ఇది నాకెందుకురా?’ అన్నాడు. దాచుకోమన్నాను.