పడమటి గోడకి పూత

శనివారం, రాత్రి.

ఇవాళ్టికి చెమ్మ పట్టిన పడమటి గది గోడకి సిమెంటు పూత పడింది. నేల దగ్గర్నుంచి మీటరున్నర ఎత్తు, నాలుగు మీటర్ల పొడవు, మొత్తం ఆరు చదరపు మీటర్లు. చేయి తిరిగిన మేస్త్రీకి పూటలో సగం పని. ఇద్దరం పొద్దున ఏడింటికి మొదలుపెడితే మధ్యాహ్నం మూడైంది. అయినా ఈ మొత్తం వ్యవహారంలో పూత పెట్టడమే చిన్న పని. దానికి ముందు నీళ్ళ దారి వెతకడానికి, గోడ ఆరడానికి పట్టిన నెలలే అసలు లెక్క.

ఇల్లంతా పాత రంగుతో ఉండి ఒక్క గోడకే కొత్త రంగుంటే, ఇల్లు చూడ్డానికి వెళ్ళినవాళ్ళు ఆ గోడ దగ్గర కాసేపు ఆగాలి. ఈ గోడ అలాంటిదే. వేలి కణుపుతో తడితే ఖాళీ డబ్బా చప్పుడు. గోరుతో గీకితే రంగు, దాని కింద పుట్టీ, ఆ కింద వాటర్‌ప్రూఫ్ పూత, అన్నిటి వెనక తడిసిన రవ్వలా రాలే పాత గిలాబు, అంటే పాత సిమెంటు పూత. చెమ్మకి లోపలివైపు మూత బిగిస్తే అది ఎక్కడికీ పోదు, ఇంకో అడుగు పైకెక్కి అక్కడ పొంగుతుంది. నేల చెమ్మ మామూలుగా మీటరు దాకా ఎగబాకి ఆగుతుంది. ఇక్కడ దాన్నీ దాటిందంటే ఆ వాటర్‌ప్రూఫ్ పూత పుణ్యమే.

చెమ్మ అనగానే పునాదిని తిట్టుకోవడం తేలిక. ముందు అది ఎటునుంచి వస్తోందో తేల్చుకోవాలి. రంగు గీకి పొడిగా తుడిచిన చోట అడుగున్నర చదరం అల్యూమినియం ఫాయిల్ పెట్టి, నాలుగు అంచులా గాలి దూరకుండా టేపు అంటించి రెండు రోజులు వదిలేశాం. గదివైపు ముఖాన నీటి చుక్కలుంటే గదిలో గాలి తేమ చల్లని గోడ మీద పేరుకుంటోందని అర్థం, దానికి మందు కిటికీ తెరవడమే. మాకు చుక్కలు ఫాయిల్ వెనక, గోడవైపు కనిపించాయి. తర్వాత కుళాయిలన్నీ కట్టేసి రాత్రి నీటి మీటరు అంకె రాసుకుని పొద్దున చూస్తే కదల్లేదు, కాబట్టి మంచినీటి పైపు పాపం లేదు. మిగిలింది బయటివైపు.

బయట రెండు తప్పులు దొరికాయి. ఏళ్ళ తరబడి మట్టి పోసుకుంటూ పోవడంతో పెరటి నేల చెమ్మ అడ్డుపట్టీ కంటే, అంటే నేల తడి గోడలోకి ఎక్కకుండా పునాది మీద వేసే పొర కంటే, పైకి వచ్చేసింది. ఆ పట్టీ కంటే నేల కనీసం 150 మిల్లీమీటర్లు కిందుండాలి. మట్టి దాన్ని దాటిందంటే పట్టీ ఉన్నా లేనట్టే, తడి పక్కదారిన గోడలోకి దిగుతుంది. రెండోది వాన నీటి గొట్టం. బ్రాకెట్ వెనక, కంటికి ఆనని చోట, అతుకు ఊడి ప్రతి వానకీ గోడనే తడుపుతోంది. గొట్టం అతుకు మార్చాం. గోడ వెంబడి అడుగు వెడల్పున మట్టి తీసి 20 మిల్లీమీటర్ల కంకర నింపాం. దాని అవతల నేలకి మీటరుకి రెండు సెంటీమీటర్ల వాలు పెట్టాం. తవ్వేటప్పుడు పునాది అడుగు దాకా పోకూడదు, ఉత్సాహం కొద్దీ లోతుకి పోతే చెమ్మకి బదులు బీటలొస్తాయి.

లోపల పూత తీయడానికి కొలత ఉంది. మరక ఎక్కడ ఆగిందో అక్కడ కాకుండా, దానికి పైన ఇంకో అడుగు దాకా కొట్టాలి. ఉప్పు మరక కంటే ముందే నడుస్తుంది. సుత్తి, శానం చాలు. గ్రైండరు పని తొందరగా అవుతుంది కానీ ఆ సన్నటి దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోయి అక్కడే ఉంటుంది. వాడక తప్పకపోతే ఎన్95 మాస్కు లేకుండా మీట నొక్కకూడదు. ఇటుకలు బయటపడ్డాక సందుల్లో వదులు మాలు (సిమెంటు, ఇసుక కలిపిన ముద్ద) సెంటీమీటరు లోతున గీకేశాం. కొత్త పూతకి పట్టు దొరికేది ఆ సందుల్లోనే.

తర్వాత ఇటుకల మీద తెల్లటి ఉప్పు పూయడం మొదలైంది. ఇక్కడ అందరూ చేసే పని నీళ్ళతో కడగడం. ఉప్పు ఆ నీళ్ళలో కరిగి మళ్ళీ ఇటుకలోకే దిగి, ఆరాక మళ్ళీ పూస్తుంది. పొడి బ్రష్షుతో దులిపి వాక్యూమ్‌తో లాగేయాలి. మొదట నాలుగైదు రోజులకోసారి, తర్వాత వారానికోసారి చేశాం. ఈ ఉప్పుల్లో కొన్ని గాల్లో తేమని పీల్చుకునే రకం. అందుకే నీటి దారి మూసేశాక కూడా పాత పూత ముసురు రోజుల్లో తడితడిగా కనిపిస్తుంది. పాత పూత ఆరితే చాలు, తీయక్కర్లేదు అనుకునేవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే.

ఇటుక గోడ ఆరడానికి మేస్త్రీల మోటు లెక్క ఒకటుంది, అంగుళం మందానికి నెల. తొమ్మిదంగుళాల గోడకి తొమ్మిది నెలలు. మూడు నెలలాగాం, ఉప్పు పూత బాగా తగ్గింది, గోడ నడిమధ్య ఇంకా పూర్తిగా ఆరలేదు. అయినా పూత పెట్టాం కాబట్టి మిగిలిన చెమ్మ బయటికి పోయే దారి ఉంచాలి. అందుకే మాలులో సిమెంటు తక్కువ, వాటర్‌ప్రూఫ్ కలపలేదు, పైన ఆయిలు రంగు వేయం.

ఒక్క మాట. ఈ ఇల్లు సిమెంటు మాలుతో కట్టింది కాబట్టి సిమెంటు పూత సరిపోయింది. సున్నంతో కట్టిన గోడైతే సున్నం పూతే పెట్టాలి. మెత్తటి గోడ మీద గట్టి సిమెంటు నిలవదు, పెద్ద పెద్ద పలకలుగా ఊడుతుంది. గోడ ఏ రకమో తెలుసుకోవడానికి మేకుతో సందుని గీకి చూడాలి. సున్నమైతే మెత్తగా రాలి మధ్యలో తెల్లటి పలుకులు కనిపిస్తాయి. వెనిగర్ పోసి నురుగు చూడమంటారు, దాన్ని నమ్ముకోకూడదు, పాత సిమెంటు కూడా నురుగు కక్కుతుంది.

ఇక ఇవాళ్టి సంగతి.

ఇసుక పరీక్ష నిన్నే చేశాం. గాజు సీసాలో సగం ఇసుక, దాని మీద కాస్త ఉప్పు కలిపిన నీళ్ళు, బాగా కుదిపి మూడు గంటలు కదపకుండా ఉంచడం. పైన తేరుకునే ఒండ్రు పొర ఇసుక ఎత్తులో నూటికి ఎనిమిది పాళ్ళు మించకూడదు. మట్టి ఎక్కువైతే పూత ఆరేటప్పుడు వల అల్లినట్టు పగుళ్ళొస్తాయి. ఇసుక కొంచెం తడిగా ఉంటే ఉబ్బుతుందని కూడా గుర్తుంచుకోవాలి. తడి ఇసుక డబ్బాలో పోస్తే పొడి ఇసుక కంటే పాతిక శాతం దాకా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. లెక్కకి అయిదు డబ్బాలు పోసినా గోడకి చేరేది నాలుగే. అందుకని ఇసుక రెండు రోజుల ముందే పరిచి ఆరబెట్టాం.

పాళ్ళు ఒకటికి అయిదు. ఆరు చదరపు మీటర్లు, 12 మిల్లీమీటర్ల మందం, సందుల కోసం అయిదో వంతు అదనం, పొడి సరుకు తడిస్తే కుదించుకుపోతుంది కాబట్టి మూడో వంతు ఇంకా అదనం. అన్నీ కలిపితే సిమెంటు సుమారు 28 కిలోలు, ఇసుక 96 లీటర్లు. 50 కిలోల బస్తాలో సగం కంటే కొంచెం ఎక్కువ. నాలుగు లీటర్ల డబ్బా కొలతగా పెట్టుకుని, ఒక డబ్బా సిమెంటుకి అయిదు డబ్బాల ఇసుక చొప్పున అయిదు విడతలుగా కలిపాం. ఒక్కో విడత చదరపు మీటరు దాటి కాస్త దూరం వస్తుంది.

విడతలు చిన్నవిగా ఎందుకంటే, అలవాటు లేని చేతులకి అరగంటలో అయ్యేంత మాలే కలపాలి. కలిపేవాళ్ళు ముందుకి పోయి, పూసేవాళ్ళు వెనకపడితే బొచ్చెలో మాలు బిగుసుకుంటుంది. అప్పుడు నాలుగు చుక్కల నీళ్ళు పోసి మళ్ళీ మెత్తబరచాలనిపిస్తుంది. పోయకూడదు. గట్టిపడటం మొదలైన సిమెంటుని మళ్ళీ కదిపితే పట్టు పోతుంది. మూడో విడతలో రెండు తాపీల మాలు ఇలాగే పారబోశాం. పారబోయడమే చవక. నీళ్ళకి మాత్రం అంకె చెప్పలేం, ఇసుకని బట్టి మారుతుంది. తాపీ మీద మాలు పెట్టి ఏటవాలుగా వంచితే జారకుండా అంటుకుని ఉండాలి, అదే కొలత.

గోడ ఉత్తరం చివర లోపలికి పోయింది. తూకం గుండు వేలాడదీస్తే అక్కడ పూత 22 మిల్లీమీటర్లు పడితేగాని మట్టం కలవదు. ఒకేసారి అంత మందం పెడితే బరువుకి కిందికి జారుతుంది, జారకపోతే చీలుతుంది. అందుకని అక్కడ నిన్న సాయంత్రమే సెంటీమీటరు మందం మొదటి పూత పెట్టి, దువ్వెన గీతల్లా గీసి వదిలాం. పొద్దున తట్టి చూస్తే సాకెట్ పక్కన అరచేయంత మేర గుల్ల చప్పుడు. తాపీ కొస పెట్టి లేపితే బిస్కెట్ లాగా మొత్తం ముక్క చేతిలోకి వచ్చింది. వెనక్కి తిప్పితే కారణం కనిపించింది. ఇటుక మీదకి ఆనాల్సిన ముఖం నున్నగా ఉంది, దాని మీద ఎర్రటి దుమ్ము పొర. సాకెట్ పెట్టె కోసం అక్కడ కొత్తగా ఇటుక కొట్టాం, దుమ్ము దులపలేదు, తీగలున్నాయని భయపడి నీళ్ళు కూడా చల్లలేదు. పొడి ఇటుక మాలులో నీళ్ళు పీల్చేసింది, దుమ్ము అంటుకోనివ్వలేదు. మెత్తటి బ్రష్షుతో దులిపి, తడి బ్రష్షుతో నాలుగుసార్లు అద్ది, మళ్ళీ పెట్టాం. మిగతా గోడకి రాత్రోసారి, పూతకి గంట ముందోసారి నీళ్ళు కొట్టాం. పూసేటప్పుడు ఇటుక రంగు ముదురుగా ఉండాలి, పైన నీళ్ళు మెరవకూడదు.

ఆ సాకెట్ పెట్టె తుప్పు పట్టి పొరలుగా రాలుతుంటే మార్చాం. తీగ ముట్టుకునే ముందు టెస్టరుని పక్క గదిలో కరెంటున్న ప్లగ్గులో పెట్టి వెలుగుతోందని చూడాలి, తర్వాత ఈ గది ఎంసీబీ (కరెంటు ఆపే స్విచ్చు) దించి ఇక్కడ పెట్టాలి, మళ్ళీ పక్క గదిలో పెట్టి అది ఇంకా వెలుగుతోందని చూడాలి. టెస్టరు వెలగకపోవడానికి కరెంటు లేకపోవడం ఒక్కటే కారణం కాదు. కొత్త పెట్టె అంచు ఇటుకతో సమంగా కాకుండా అక్కడి పూత మందమంత బయటికి ఉండాలి, పూత అయ్యాక సమమవుతుంది. లోపల కాగితం కుక్కాం, లేకపోతే మాలంతా అందులోకే.

పూసే పని గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. మీటరున్నరకొకటి చొప్పున రెండు వరసల్లో మట్టం బిళ్ళలు (పూత మందానికి గుర్తుగా పెట్టే చిన్న మాలు ముద్దలు) పెట్టి, కింద నుంచి పైకి మాలు గట్టిగా నొక్కి, అల్యూమినియం పట్టీని బిళ్ళ నుంచి బిళ్ళకి అడ్డంగా ఆడిస్తూ కోసేయడం. పల్లం తేలిన చోట మళ్ళీ మాలు నింపి పట్టీ లాగడం. కాస్త బిగిశాక చెక్క పలకతో గుండ్రంగా తిప్పడం. నున్నగా రాలేదని పొడి సిమెంటు చల్లి రుద్దడం మాత్రం వద్దు, పైపొర విడిగా బిగుసుకుని వెంట్రుక పగుళ్ళొస్తాయి. పాత పూతతో కలిసే చోట అంచుని నిటారుగా కోసి, బాగా తడిపి, నాలుగంగుళాల వెడల్పు ఫైబర్ జాలీ పొదిగాం. అక్కడ సన్నగీత వస్తే ఆశ్చర్యపోం. కింద మాత్రం నేలకి ఒక అంగుళం పైనే పూత ఆపాం. నేలకి ఆనితే వత్తిలా తడి లాగుతుంది. ఆ ఖాళీ స్కర్టింగ్ చాటున పోతుంది.

చేతికి గ్లోవ్స్ లేకుండా మాలు ముట్టకూడదని తెలిసినా మోకాళ్ళ సంగతి గుర్తుండదు. తడి సిమెంటు గాఢమైన క్షారం, నొప్పి తెలియకుండా చర్మాన్ని కాలుస్తుంది. మాలు పడ్డ ప్యాంటుతో గంట కూర్చుంటే సాయంత్రానికి ఎర్రగా మండుతుంది.

కిటికీ చట్రం మీది పాత ఆయిలు రంగు ఇవాళ ముట్టుకోలేదు. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. ఇళ్ళ రంగుల్లో దాన్ని అమెరికా 1978లో నిషేధించింది, చాలా దేశాలు ఆ తర్వాతే. కిట్‌తో పరీక్షించేదాకా పొడి గరుకు కాగితం దాని దగ్గరికి తేకూడదు.

ఇప్పుడు రాత్రి తొమ్మిది. గదిలో ఫ్యాను ఆపేశాం, కిటికీలు మూశాం. మొదటి రాత్రి గాలి తగిలితే పూత లోపల బిగుసుకునే లోపే పైన ఆరిపోతుంది. రేపు పొద్దున మొదటి నీళ్ళు, అదీ సన్నటి పిచికారీతో. పైపు పెట్టి కొడితే ఇసుక లేస్తుంది. తర్వాత గోనెపట్టాలు వేలాడదీసి ఏడు రోజులు తడి ఆరనివ్వకుండా చూడాలి. వాడగా మిగిలిన సగం బస్తాని ప్లాస్టిక్ సంచిలో కట్టి పలక మీదకెక్కించాం, నేల మీద వదిలితే వారంలో రాయి. పాత పూత అంచు మీద పెన్సిలుతో ఇవాళ్టి తేదీ, దాని కింద 28 రోజుల తర్వాతి తేదీ రాశాం. రంగు డబ్బాలు అప్పటిదాకా అటక మీదే.